ఒళ్లు చల్లబడి వచ్చిన మనిషిని క్యాజువాలిటీలో ఎలా చూడాలి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవ్వాలి కదా. డిసెంబర్‌లో తెల్లవారుజామున అరవై దాటిన ఒక పెద్దాయనను 108లో మీ ఏరియా ఆస్పత్రికి తెచ్చారు. రాత్రి కల్లు తాగి వస్తూ కాలువలో పడ్డాడు, తెల్లారాక ఎవరో చూశారు. పిలిస్తే పలకడం లేదు, చేతికి నాడి అందడం లేదు, మానిటర్‌లో రేటు 34. డిజిటల్ థర్మామీటర్ అంకె చూపించకుండా ‘ఎల్ ఓ’ అని రెండక్షరాలు చూపిస్తోంది. గుండె వేగం పెంచడానికి అట్రోపిన్ ఇచ్చారు. కాళ్లకు, చేతులకు వేడినీళ్ల సీసాలు పెట్టారు. ట్రాలీ మీది నుంచి మంచం మీదికి మారుస్తుండగా వీఎఫ్‌లోకి, అంటే గుండె కొట్టుకోకుండా ఊరికే అదిరే స్థితిలోకి పోయాడు. షాకులు, అడ్రినలిన్, అరగంట సీపీఆర్, తర్వాత ఆపేశారు. ‘ఎక్కడ తప్పు చేశాం? ఎండలకు పేరుపడ్డ మన జిల్లాల్లో హైపోథెర్మియా ఏంటి?’ అన్నారు.

ముందు సూటిగా జవాబు. ఆ మనిషికి కావలసింది వేడి, అది కూడా ఛాతీకి, పొట్టకు. అట్రోపిన్ అక్కర్లేదు. మంచం మార్చడానికి తొందర లేదు, మార్చినా గుడ్డు మోసినట్టు మోయాలి. అరగంటకు ఆపకూడదు. ఒంటి లోపలి టెంపరేచర్ ఎంతో తెలియకుండా, దాన్ని 30, 32 డిగ్రీలకైనా తేకుండా ‘చనిపోయాడు’ అని రాయడానికి ఈ కేసులో మన దగ్గర ఆధారం లేదు. అయితే ఇవన్నీ సరిగ్గా చేసినా ఆయన బతికేవాడని మాత్రం నేను చెప్పను, మీరూ అలా అనుకుని కుమిలిపోకండి.

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు సర్కారు దవాఖానాల్లో క్యాజువాలిటీ డ్యూటీలు చేయబట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. మొదటి ఐదారేళ్లలో ఇలాంటి కేసు ఒక్కటీ చూడలేదని అనుకునేవాణ్ని. చూశాను, గుర్తుపట్టలేదు, అంతే.

మన దగ్గర ఎందుకు వస్తుందో చెప్తాను. హైపోథెర్మియాకు మంచు పడాల్సిన పని లేదు. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే చాలు. డిసెంబర్, జనవరిలో మన చెలకల్లో రాత్రి 12, 13 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. అదే నీళ్లయితే ఇంకా సులువు. గాలి కంటే నీరు దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. బావి నీళ్లు 25 డిగ్రీలున్నా, అందులో నాలుగైదు గంటలు మెడలోతున నిలబడినవాడు చల్లబడిపోవచ్చు. తడి బట్టలతో గట్టు మీద పడి ఉన్నా అంతే.

దీనికి కల్లు, సారా తోడైతే చెప్పనక్కర్లేదు. మందు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, తాగినవాడికి వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, లోపల మాత్రం వేడి కారిపోతుంటుంది. వణుకు తగ్గుతుంది, షుగర్ పడిపోతుంది. ఇక కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపే సంగతి మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. ఆ మత్తులో ఉన్నవాడికి చలి వేస్తోందని తెలియదు, లేచి ఇంటికి పోవాలనీ తోచదు. మీ పెద్దాయన విషయంలో చలి సగం, మత్తు సగం అయి ఉండొచ్చు.

ఒక్క హెచ్చరిక. ఇల్లు కదలని ముసలమ్మ, గదిలో పడుకుని ఉండగానే 33 డిగ్రీలతో వస్తే చలిని తిట్టుకోకండి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం), షుగర్ పడిపోవడం, థైరాయిడ్ బాగా తగ్గిపోవడం – ఈ మూడూ వెతకండి. వాళ్లలో జ్వరం రావలసిన చోట చల్లదనం వస్తుంది. నా లెక్కలో బావిలో పడినవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ.

థర్మామీటర్ దగ్గరే మనం ఓడిపోతాం. పాత పాదరసం థర్మామీటర్ 94 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 34.4 సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. దాని కింద ఎంత ఉన్నా అది 94 అనే చెబుతుంది, సిస్టర్ కేస్ షీట్‌లో 94 అని రాస్తుంది. మామూలు డిజిటల్‌ది 32 కిందకు దిగితే ‘ఎల్ ఓ’ అంటుంది. చాలామంది దాన్ని బ్యాటరీ అయిపోయిందనుకుని పక్కన పెట్టేస్తారు. నేనూ ఒకసారి అలాగే ఇంకో థర్మామీటర్ తెప్పించాను, అదీ అలాగే అంది. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన గన్ ఈ పనికి అసలే పనికిరాదు.

కావలసింది రెక్టల్ ప్రోబ్, దాదాపు 15 సెంటీమీటర్ల లోపలికి. శ్వాసకు గొంతులో ట్యూబ్ వేసిన పేషెంటుకైతే అన్నవాహిక కింది భాగంలో పెట్టే ప్రోబ్ ఇంకా నమ్మకం. వేడెక్కిస్తున్నప్పుడు రెక్టల్ రీడింగ్ వెనకబడుతుంది. మన మానిటర్లకు చాలావాటికి టెంపరేచర్ కేబుల్ పెట్టే చోటు ఉంటుంది. ఆ కేబుల్ మాత్రం స్టోర్‌లో కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఈ వారంలోనే వెళ్లి వెతకండి. లేకపోతే ఓటీలో అనెస్థీషియా వాళ్లను అడగండి, వాళ్ల దగ్గర ఉంటుంది.

ఏదీ లేకపోతే చెయ్యి ఉంది. అరచేయి తిప్పి వెనక వైపు పొట్ట మీద, చంకలో పెట్టండి. చేతులు, కాళ్లు చల్లగా ఉంటే అది షాక్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పొట్ట కూడా చల్లగా తగిలితే మాత్రం ఇది వేరే కథ. దానితో పాటు మనిషిని చూడండి. వణుకుతూ మాట్లాడుతుంటే సుమారు 32కి పైన. వణుకు ఆగి మగతగా ఉంటే 28కీ 32కీ మధ్య. స్పృహే లేకపోతే 28 కింద ఉన్నాడనుకునే పని మొదలుపెట్టండి. తాగినవాళ్లలో ఈ లెక్క తప్పొచ్చు. కానీ ‘వణుకు ఆగింది, తేరుకున్నాడు’ అని వెంట వచ్చినవాళ్లు చెప్పే మాటను ఎప్పుడూ నమ్మకండి. ఆ క్షణం నుంచే అసలు ప్రమాదం.

ఇక మీ కేసులో జరిగినదానికి వద్దాం. 30 డిగ్రీల కిందకు, మరీ ముఖ్యంగా 28 కిందకు దిగిన గుండె చిన్న కుదుపుకే వీఎఫ్‌లోకి పోతుంది. 108 ట్రాలీ, మన ట్రాలీ, మంచం, ఎక్స్‌రే టేబుల్, మళ్లీ మంచం – మామూలు పేషెంటుకు మనం రోజూ చేసే పనే ఇతని ప్రాణం మీదికి తెస్తుంది. బట్టలు లాగి విప్పకుండా కత్తెరతో కోసేయాలి. కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టే ఉంచాలి. చేతులు కాళ్లు రుద్దకూడదు. అరికాళ్లకు శొంఠి పొడి, బ్రాందీ రుద్దుతామని ఇంటివాళ్లు వస్తారు, వాళ్లను మెల్లగా ఆపండి. అలాగని ట్యూబ్ వేయాల్సిన మనిషికి వీఎఫ్ వస్తుందేమోనని వేయకుండా ఆగడం కూడా తప్పే. అవసరమైతే వేయాలి, నెమ్మదిగా వేయాలి.

నాడి చూడటానికి పది సెకన్లు సరిపోవు, నిండా ఒక నిమిషం చూడాలి. గుండె నిమిషానికి పదిసార్లే కొట్టుకుంటూ ఉండొచ్చు. ఈసీజీ, దొరికితే ఎకో ప్రోబ్ పెట్టి చూడండి. ఈసీజీలో రేటు తక్కువ, అన్ని ఇంటర్వెల్స్ సాగి ఉంటాయి, ఏఎఫ్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం) ఉండొచ్చు, క్యూఆర్‌ఎస్ అనే పెద్ద గీత చివర చిన్న గూని లాంటి జె వేవ్ ఉండొచ్చు. 1953లో దాన్ని వివరించిన డాక్టర్ పేరు మీద ఆస్‌బోర్న్ వేవ్ అంటారు. దాన్ని గుండెపోటులో కనిపించే ఎస్‌టీ ఎలివేషన్ అనుకుని గుండెపోటు మందులు పెట్టినవాళ్లున్నారు. నెమ్మదించిన రేటు చలికి గుండె చేసుకున్న సర్దుబాటు, అట్రోపిన్‌కు లొంగదు. ఏఎఫ్ కూడా వేడెక్కితే చాలావరకు దానంతటదే పోతుంది.

అట్రోపిన్ అంటే నా తప్పు ఒకటి గుర్తొస్తుంది. ఏ ఊరి దవాఖాన అన్నది వదిలేయండి. జనవరిలో ఒక రాత్రి, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు తాగిన అమ్మాయి వచ్చింది. బట్టలు తీసి వెనకాల నల్లా కింద సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా కడిగించాం. అది చేయాల్సిందే. తర్వాత బకెట్‌లో పట్టిన నల్లా నీళ్లతోనే స్టమక్ వాష్. జుట్టు తుడవలేదు. రెక్సిన్ పరుపు మీద పడుకోబెట్టి పలుచని దుప్పటి కప్పాం. మందు వాసన తట్టుకోలేక ఫ్యాను మేమే వేశాం. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ పోతే ఊపిరితిత్తులు శుభ్రమయ్యాయి, చంక పొడిబారింది, కంటిపాపలు పెద్దవయ్యాయి. పల్స్ మాత్రం 52 దగ్గరే ఉంది. దాని కోసమని ఇంకా ఇచ్చాను, ఇంకా ఇచ్చాను. తెల్లారి డ్యూటీకి వచ్చిన సీనియర్ సిస్టర్ దుప్పటి సర్దుతూ పొట్ట మీద చెయ్యి వేసి, ‘సార్, ఈ పిల్ల కడుపు రాయి లెక్క సల్లగున్నది’ అంది. రెక్టల్ చూస్తే 31.4. వేడి పెట్టగానే గంటన్నరలో పల్స్ 90కి వచ్చింది. నేను అనవసరంగా ఎక్కించిన అట్రోపిన్‌కు ఆ పిల్ల రెండు రోజులు మతి తప్పి గోడ మీద లేని పురుగులు ఏరింది. బతికింది, అదే అదృష్టం.

అందుకే చెబుతున్నాను, చలికాలంలో మన క్యాజువాలిటీయే చాలామందిని చల్లబరుస్తుంది. కడగడానికి, స్టమక్ వాష్‌కు గోరువెచ్చని నీళ్లు పెట్టించండి. కడిగిన వెంటనే జుట్టుతో సహా తుడవండి. ఎన్‌హెచ్ 44 మీద, 65 మీద యాక్సిడెంట్ అయి వచ్చేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. చల్లబడిన ఒంట్లో రక్తం గడ్డకట్టదు. ల్యాబ్ వాళ్లు శాంపిల్‌ను 37 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు కాబట్టి రిపోర్ట్ మాత్రం బాగానే వస్తుంది.

వేడెక్కించడం ఎలా? మన దగ్గర ఉన్న వస్తువులతోనే చెప్తాను. ముందు ఏసీ, ఫ్యాను ఆపండి, తలుపు వేయండి. తడి బట్టలు తీసి తుడిచి, కిందా పైనా పొడి దుప్పట్లు, తలకు కూడా కప్పండి. ఓటీలో వేడిగాలి ఊదే దుప్పటి ఉంటే మొహమాటం లేకుండా తెప్పించండి, గంటకు ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది. అది లేకపోతే వేడినీళ్ల సీసాలు, బట్టలో చుట్టి, చంకల్లో, ఛాతీ పక్కన, పొట్ట మీద పెట్టాలి. కాళ్లకు, చేతులకు కాదు. వాటిని ముందు వేడిచేస్తే అక్కడి చల్లటి రక్తం గుండెకు మళ్లుతుంది, నాళాలు తెరుచుకుని బీపీ పడిపోతుంది. స్పర్శ తెలియని చర్మం మీద సీసా నేరుగా పెడితే బొబ్బలు వస్తాయి, పేషెంటు మంట అని కూడా అనడు. పది నిమిషాలకోసారి ఎత్తి చూడాలి. ఇంటివాళ్లు నిప్పుల కుంపటి తెస్తామంటే మాత్రం వద్దనండి, మూసిన గదిలో ఆ పొగ ఇంకో చావు.

సెలైన్ 38 నుంచి 42 డిగ్రీల మధ్య ఉండాలి. బాటిళ్లను వేడినీళ్ల టబ్‌లో ఉంచి, ఆ నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూసుకోండి. చేతికి బాగానే ఉందని సరిపెట్టుకోవద్దు. పొడుగాటి ఐవీ సెట్‌లో దారిలోనే చల్లారిపోతుంది కాబట్టి నిదానంగా బొట్లు బొట్లుగా కాకుండా కొంచెం కొంచెం బోలస్‌గా, అంటే విడతకు కొంత చొప్పున వేగంగా ఇవ్వడం మేలు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) వద్దు, చల్లబడిన లివర్ లాక్టేట్‌ను సరిగా వాడుకోలేదు, నార్మల్ సెలైన్ చాలు. అయితే సెలైన్‌తో వేడెక్కుతాడనే భ్రమ వద్దు. 28 డిగ్రీల దగ్గరున్న 70 కిలోల మనిషికి 42 డిగ్రీల సెలైన్ ఒక లీటరు ఎక్కిస్తే పెరిగేది పావు డిగ్రీ. అది ఇంకా చల్లబడకుండా, బీపీ నిలబడటానికి మాత్రమే. చలికి మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి, వేడెక్కేకొద్దీ నాళాలు వదులై ఆ లోటు బయటపడుతుంది. అందుకే కెథటర్ వేసి లెక్క చూసుకోండి.

షుగర్ తప్పకుండా చూడాలి, చల్లటి వేలి చుక్కతో కాదు, నరం నుంచి తీసిన రక్తంతో. తక్కువ ఉంటే గ్లూకోజ్, తాగుడు అలవాటున్నవాళ్లకు దానితో పాటు థయమిన్. షుగర్ ఎక్కువగా కనిపిస్తే ఇన్సులిన్‌కు తొందరపడకండి. 30 కింద అది సరిగా పనిచేయదు, వేడెక్కాక ఒక్కసారిగా పనిచేసి షుగర్‌ను కిందకు లాగేస్తుంది. ఆక్సిమీటర్ వేలికి రీడింగ్ ఇవ్వదు, చెవికి పెట్టి చూడండి.

దేవరకొండ వైపు బావిలో మోటారు సరిచేయడానికి దిగి, తాడు తెగి, ఐదారు గంటలు నీళ్లలో ఉండిపోయిన ఒకతను వచ్చాడు. 29.8. మగతగా ఉన్నాడు, వణుకు లేదు, పల్స్ 44, బీపీ 96. వేడిగాలి దుప్పటి లేదు. సీసాలు, దుప్పట్లు, రెండు రూమ్ హీటర్లు, టబ్‌లో సెలైన్. బయట వాళ్ల నాన్న భుజాన ఉన్న గొంగడి అడిగి తీసుకుని అన్నిటి మీదా కప్పాం. ఉన్ని గొంగడి కింద వేడి నిలిచినట్టు దవాఖాన దుప్పటి కింద నిలవదు. రెండు గంటలు దాటాక 32 దగ్గర మంచం ఊగేంత వణుకు మొదలైంది. కొత్త సిస్టర్ ఫిట్స్ అనుకుని లోరాజెపాం తీసింది. ఆపాను. అది ఒళ్లు తన పని తాను మొదలుపెట్టిన గుర్తు. అంతకు కాసేపటి ముందే బీపీ 80కి జారితే ఇంకో అర లీటరు ఇవ్వాల్సి వచ్చింది. ఐదు గంటలకు 35 తాకింది.

ఎవరిని మన దగ్గరే ఉంచాలి, ఎవరిని పంపాలి? గుండె ఆడుతూ, బీపీ 90 పైన ఉండి, 28 పైన ఉంటే పైన చెప్పినట్టు మన దగ్గరే చేయొచ్చు. 28 కింద ఉన్నా, బీపీ 90 కింద ఉన్నా, వెంట్రికల్ నుంచి రిథమ్ గడబిడ మొదలైనా, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) ఉన్న చోటికి ముందే ఫోన్ చేయండి. మనకు అంటే హైదరాబాదే, మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. ఎక్మో రక్తాన్ని నేరుగా వేడిచేసి తిప్పుతుంది, గుండె ఆగినా మనిషి ఆగడు.

గుండె ఆగితే సీపీఆర్ మామూలుగానే. 30 కింద మూడు షాకుల దాకా ఇచ్చి, పనిచేయకపోతే వేడెక్కేదాకా మళ్లీ ఇవ్వకుండా ఆగమని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. అడ్రినలిన్ కూడా 30 దాటేదాకా వద్దు, 30 నుంచి 35 మధ్య ఇస్తే మామూలు కంటే రెట్టింపు వ్యవధితో. చల్లటి ఒంట్లో మందు కరగకుండా పోగుపడి, వేడెక్కాక ఒకేసారి మీద పడుతుంది. మీరు మూడు షాకులతో ఆపి ఉంటే అది సరే. మిగతా సమయమంతా వేడి మీద, సీపీఆర్ మీద పెట్టాలి. చేతులు మార్చుకోవడానికి వార్డ్ బాయ్, సెక్యూరిటీ అతను కూడా పనికొస్తారు.

ఎంతసేపు అంటే, 1999లో నార్వేలో మంచు కింది నీళ్లలో చిక్కుకున్న ఆనా బోగెన్‌హోల్మ్ అనే స్వీడన్ డాక్టర్ 13.7 డిగ్రీలకు దిగి, గుండె ఆగి కూడా బతికి మళ్లీ ఉద్యోగం చేశారు. ఈ కథ చెప్పగానే మన పిల్ల డాక్టర్లు ప్రతి బావి కేసుకూ నాలుగు గంటలు సీపీఆర్ చేయాలనుకుంటారు. అక్కడే తేడా చూడాలి. ఆవిడకు మంచు కింద ఊపిరి పీల్చుకోవడానికి కాస్త గాలి దొరికింది. మెదడు ముందు చల్లబడింది, గుండె తర్వాత ఆగింది. మన బావిలో మునిగినవాడికి ఊపిరి ముందు ఆగుతుంది, 25 డిగ్రీల నీళ్లు మెదడును కాపాడేంత వేగంగా చల్లబరచలేవు, ఒళ్లు చల్లబడేది తర్వాత. మీ పెద్దాయన మొదటి రకం, మీ కళ్ల ముందే గుండె ఆగింది. అందుకే ఆయన విషయంలో అరగంట చాలదన్నాను. రక్తంలో పొటాషియం పరీక్షకు పంపి ఉంటే కొంత దారి చూపేది. 12 దాటితే ఆపడానికి అది గట్టి కారణం.

చల్లటి మనిషి చచ్చినవాడిలా కనిపించడం మనకు తెలియని విద్యేం కాదు. కట్లపాము కరిచినవాడు కంటిపాపలు కదలక, కాలు చెయ్యి ఆడక అచ్చం అలాగే ఉంటాడు, అయినా వెంటిలేటర్ మీద పెట్టి ఎదురుచూస్తాం. చలి దగ్గర మాత్రం ఆ ఓపిక రాదు. పైగా వెంట వచ్చినవాళ్లే ‘సల్లగయిపోయిండు సార్, ఇంకేమున్నది’ అని మన చేతులు దించేస్తారు. వాళ్లకు నేను ఒకే మాట చెప్తాను: ‘చల్లబడ్డాడు కాబట్టే ఇప్పుడే ఏం చెప్పలేం, వేడి చేసినాక చెప్తా.’ ఈ మాట కేస్ షీట్‌లో కూడా, టెంపరేచర్ ఎంత, ఎక్కడ, ఏ టైమ్‌కి చూశారో దానితో కలిపి రాయండి. తర్వాత పోలీసు వాళ్లు అడిగేది మొదట అదే.

పుట్టిన పిల్లల సంగతి దీనిలో కలపలేదు, అది వేరే లెక్క. వీఎఫ్‌కు ముందు తీసిన ఈసీజీ కాగితం ఇంకా ఉంటే పేరు, ఐపీ నంబర్ కనపడకుండా మడిచి ఫొటో పెట్టండి. వీ4, వీ5లో ఆ గూని ఉందో లేదో చూస్తాను.